కూర్చున్న పటం

అనంతపురం వెళ్ళొచ్చానని తెలియగానే మద్రాసులో మా వీధివాళ్ళు అడిగిన మొదటి మాట, "అక్కడ తినడానికి ఏం దొరికింది?" అని. కరువు ఫొటోలు తీసుకురావడానికి పోయినవాణ్ణి పట్టుకుని తిండి సంగతి అడుగుతారేమిటని మొదట విసుక్కున్నాను. తరవాత తీరిగ్గా ఆలోచిస్తే అంతకంటే సరైన ప్రశ్న ఇంకోటి లేదనిపించింది. అందుకని దానికే ముందు జవాబు చెబుతాను. ఉగ్గాణి దొరికింది, సంగటి దొరికింది, చివరికి గుర్రానికి పెట్టే ఉలవలు కూడా దొరికాయి. ఉలవల కథ దగ్గరికి రావడానికి మీరు కాస్త ఓపిక పట్టాలి.

నేను ఒక వారపత్రికకు ఫొటోలు తీస్తాను. పుట్టి పెరిగింది బందరు పక్క. ఆ మధ్య మా వైపు తుఫాను వచ్చిపోయినప్పుడు, "మీ ప్రాంతమేగా, దారులు నీకు తెలుసు" అని మా సంపాదకుడు నన్నే పంపాడు. దారులు తెలిసిన మాట నిజమే. ఉప్పునీళ్ళు వెనక్కి పోయాక ఆ దారుల పక్కన పడి ఉన్నవాళ్ళలో కొందరు ఏ ఊరివాళ్ళో కూడా తెలుసు. ఫొటోలు బాగా వచ్చాయని అందరూ మెచ్చుకున్నారు. అప్పట్నుంచీ విస్తరి ముందు కూర్చుంటే ముద్ద చేతిలోనే ఉండిపోతోంది. నోటిదాకా రాదు. మా ఆవిడ మొదట్లో కూర బాగాలేదా అని అడిగేది, తరవాత అడగడం మానేసింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా అమ్మాయి చిట్టికి అప్పటిదాకా పండక్కో ఫొటో తీసేవాణ్ణి. తుఫాను తరవాత ఒక్కటీ తీయలేదు. నా కెమెరా తలవంచి పైనుంచి చూసే రకం. పొట్ట దగ్గర పట్టుకుని, మూత తెరిచి, లోపలి అద్దంలోకి చూడాలి. ఆ అద్దంలో మా చిట్టి మొహం కనపడగానే అక్కడ చూసిన పిల్లల మొహాలు వచ్చి దానిమీద పడేవి. ఇంట్లో మాత్రం ఫిల్ము దొరకడం లేదని చెప్పి తప్పించుకునేవాణ్ణి.

అలాంటివాణ్ణి రాయలసీమ కరువుకు పంపుతూ సంపాదకుడు చెప్పిన మాట ఇది: "ఆకలి కనపడాలి. చూసినవాడి చేతిలో కాఫీ గ్లాసు జారి కింద పడాలి." ఆయన ఆ మాట కాఫీ తాగుతూనే చెప్పాడు. గ్లాసు మాత్రం గట్టిగానే పట్టుకున్నాడు.

అనంతపురం

రైలు దిగేసరికి పొద్దెక్కింది. మా వైపు ఎండకి చెమట పడుతుంది. ఇక్కడి ఎండకి చెమట కూడా పట్టదు, పట్టేలోపే ఆరిపోతుంది. పెదవులు పగిలి నోరు తెరిస్తే మంట. స్టేషను దగ్గరి హోటల్లో ఉగ్గాణి పెట్టారు. బొరుగులు, అంటే మన మరమరాలు, తడిపి, పిండి, ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ వేసి తాలింపు పెడతారు. పక్కన మిరపకాయ బజ్జీ. బేడకే, అంటే రెండణాలకే, కడుపు నిండేటంత పెట్టారు. మా బందరులో హోటల్లో కాలు పెట్టగానే ముందు మంచినీళ్ళ గ్లాసు ఠపీమని బల్లమీద పడుతుంది. ఇక్కడ తినడం అయిపోయాక, అడిగితే, సగం గ్లాసు ఇచ్చారు. నాలుగు ముద్దలు తిని మిగతాది వదిలేశాను.

హోటలాయన నా మెడలో కెమెరా చూసి దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, పటాలు తీసేవానివా? యా ఊర్లో సావు?"

"చావేమిటండీ? కరువు ఫొటోలు తీయడానికి వచ్చాను."

"కరువుకు పటం యాంటికప్పా? కండ్లుండేవానికి ఆడ పోయి నిలబడితే అగపడ్తాది కదా" అని నవ్వి, నేను వదిలేసిన ప్లేటు వైపు చూశాడు. నవ్వు ఆపి, "తినల్ల. ఈ ఏడు ఎవురూ ప్లేట్లో ఇడిసిపెట్టరు" అన్నాడు. నాకు చాలా సిగ్గేసింది. తినలేనని చెబితే ఎందుకని అడుగుతాడు, అదంతా ఆయనకు చెప్పే ఓపిక లేదు. తల వంచుకుని బయటికి వచ్చేశాను.

రాప్తాడు

కల్యాణదుర్గం వెళ్ళే ముందు ఒక పూట రాప్తాడు పోయాను. రోడ్డు పక్కన ఒక బావిని ఇంకా లోతుకు తవ్వుతున్నారు. అడుగున ఊరిన బురదనీళ్ళను ఆడవాళ్ళు కొబ్బరిచిప్పలతో తోడి కుండల్లో పోస్తున్నారు. ఒక్కో కుండ నిండడానికి చాలాసేపు పడుతోంది. మధ్యలో ఊట తేరుకునేదాకా ఆగాలి. ఆగినప్పుడల్లా ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. కరువులో మనుషులు ఎప్పుడూ ఏడుస్తూ ఉంటారని నేననుకున్నాను. ఏడవడానికి కూడా ఒంట్లో నీళ్ళుండాలి కాబోలు.

నేను కెమెరా మూత తెరవగానే వాళ్ళు కొంగులు మొహానికి అడ్డం పెట్టుకుని పక్కకు జరిగిపోయారు. ఒక పెద్దామె మాత్రం చిప్ప పట్టుకుని అక్కడే నిలబడి, "మమ్మల్ని ఇప్పుడే పంపించల్లని వచ్చినావా సామీ? ఇంగా కొన్నాళ్ళు ఉంటాములే, పో" అంది. అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వు నాకు అర్థం కాలేదు. పట్నంవాణ్ణి చూసి ఏదో వేళాకోళం అనుకున్నాను.

అక్కడే నాకో చిన్న నష్టం జరిగింది. ఫిల్ము మార్చుకుంటూ డబ్బా కింద పెడితే, ఒక మేక వచ్చి దాని అట్ట నమిలేసింది. నేను తోలబోతే కాపరి నా చెయ్యి పట్టుకుని, "తిననీలేప్పా, పాపం, దానికి ఈ పొద్దు దొరికింది అదే" అన్నాడు. మేక అట్టంతా తినేసి, లోపలి వెండికాగితం వాసన చూసి వదిలేసింది. దాని ముక్కుకు కూడా కొంచెం ఎంపిక మిగిలి ఉందని సంతోషించాను.

కల్యాణదుర్గం నుంచి కంబదూరు

కల్యాణదుర్గంలో మస్తాన్ సాయిబు జట్కా కుదుర్చుకున్నాను. యాభై దాటిన మనిషి, గడ్డం సగం తెల్లబడింది. ఇంట్లో ఉర్దూ, బయట మనందరికన్నా చక్కని తెలుగు. గుర్రం పేరు చాంద్. దాని పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. బండి వెనక గోతంలో దాని కోసం ఉలవలు దాచుకున్నాడు. ఎవరికీ కనపడకుండా ఆ గోతం మీదే నన్ను కూర్చోబెట్టాడు.

"నువ్వు కూచున్నింది సింహాసనం అన్నా. ఈ సుట్టుపక్కల దానికన్నా ఖరీదైంది లేదు" అన్నాడు.

దారి పొడవునా ఎర్రమట్టి. వేరుశనగ చేలు మొలకెత్తి, జానెడు లేవకముందే ఎండిపోయాయి. పచ్చగా కనపడేది తంగేడు ఒక్కటే. అది మాత్రం కరువు సంగతి తనకు చెప్పలేదన్నట్టు విరగబూసి ఉంది. ఎదురుగా మూటలు నెత్తిన పెట్టుకుని జనం గుంపులు గుంపులుగా వస్తున్నారు. తుంగభద్ర కాలవ పనికి పోతున్నారని మస్తాన్ చెప్పాడు. నేను బండి దిగి కొన్ని ఫొటోలు తీశాను. తలవంచి అద్దంలో చూడటం, మీట నొక్కడం, ఫిల్ము ముందుకు తిప్పడం. ఎదుటి మనిషి కళ్ళలోకి చూడక్కర్లేకపోవడం ఈ పనిలో నాకున్న ఒకే ఒక్క సుఖం.

కంబదూరులో ఒక రైతు ఇంట్లో మమ్మల్ని భోజనానికి కూర్చోబెట్టారు. రాగి సంగటి ముద్ద, బలుసాకు కూర. బలుసాకు మా వైపు తద్దినాల నాడు వండుతారు. ఇక్కడ ఆ ఏడు అందరిళ్ళలోనూ రోజూ అదే. నేను సంగటి ముద్దలో వేలు పెట్టి కూర్చుండిపోయాను. మస్తాన్ నా తొడమీద గట్టిగా ఒకటి చరిచి, "పెట్టినప్పుడు తినల్లన్నా. ఆయమ్మ మనకు పెట్టి వాండ్లు తినేది తగ్గించుకుంటాండారు" అన్నాడు చిన్నగా. కళ్ళు మూసుకుని మింగాను.

ఊరి చివర గంజి కేంద్రం ఉంది. పందిరి కింద పెద్ద గంగాళాలు, ముంతలు పట్టుకుని కూర్చున్న వరసలు. గంజి పోయించే ఉద్యోగి నాతో మర్యాదగానే మాట్లాడాడు. కంబదూరు అవతలి పల్లెల్లో ఇంకో కేంద్రం ఎందుకు పెట్టలేదని అడిగితే, "అక్కడివాళ్ళు గింజలు దాచుకున్నారని పైవాళ్ళకు నమ్మకమండీ. నేను రాసిన కాగితాలకు జవాబు రాదు. మీ ఫొటో ఏదైనా పత్రికలో పడితే కదులుతారేమో" అన్నాడు. నడవగలిగినవాళ్ళు అంత దూరం నుంచీ ఇక్కడికే వస్తున్నారు. నడవలేనివాళ్ళ సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరికీ తెలిసిన విషయమే.

పేరు రాయని పల్లె

ఆ మర్నాడు పొద్దున్నే మేము చేరిన పల్లె పేరు ఇక్కడ రాయను. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

సగం ఇళ్ళకు తాళాలు. ఒక మట్టి ఇంటి ముందు గోడకు ఆనుకుని ఒక పాప కూర్చుని ఉంది. మా చిట్టి వయసే ఉంటుంది. కాళ్ళు బారజాపి, తల ఒక పక్కకు వాల్చి, కళ్ళు సగం మూసి. పొద్దుటి ఎండ గోడమీద ఏటవాలుగా పడుతోంది. చెబితే నన్ను తిడతారేమో గాని, ఆ క్షణం నాకు పాప కనపడలేదు, ఫొటో కనపడింది. సంపాదకుడి కాఫీ గ్లాసు కింద పడే ఫొటో. తలవంచి, అద్దంలో సరిచూసుకుని, మీట నొక్కాను.

వెనకనుంచి ఒక కేక. బలుసాకు మోపుతో ఒక ముసలమ్మ వస్తోంది. నన్ను చూసి మోపు అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చింది.

"సచ్చిపోలేదు సామీ! నా పాప సచ్చిపోలేదు! పానం ఉండాది! సూడు, కండ్లు తెరస్తాది సూడు!"

పాప రెక్కలు పట్టుకుని పైకి లేపింది. పాప కాళ్ళు నిలవలేదు, మెత్తగా కిందికి జారిపోయింది. అవ్వ మళ్ళీ లేపింది. మళ్ళీ జారిపోయింది. ఇరుగుపొరుగు నలుగురైదుగురు పోగయ్యారు. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టింది. నేనేం చేశానో అర్థం కాక మస్తాన్ వైపు చూశాను.

మస్తాన్ నన్ను పక్కకు లాగాడు. "ఈ పక్క పల్లెల్లో పటం యప్పుడు తీస్తారనుకున్నావన్నా? మనిషి సచ్చిపోయినంక. గోడకు ఆనిచ్చి కూచోబెట్టి, దవడకు గుడ్డ కట్టి, పూలమాలేసి తీస్తారు. కల్యాణదుర్గంలో పటాలు తీసే ఆయప్ప నా జట్కాలోనే వస్తాడు. బతికుండే మనిషిని గోడకు కూచోబెట్టి ఎవురూ తీయరు. నీకు తెలుసనుకున్నా నేను."

హోటలాయన అడిగిన మాటా, రాప్తాడులో ఆడవాళ్ళ నవ్వూ అప్పుడు నాకు అర్థమయ్యాయి. నేను తీసిన ఫొటోలో ఆ పాప చచ్చిపోయిన మనిషి. ఆ అవ్వకు అంతే.

అవ్వ పేరు సుంకమ్మ. కొడుకూ కోడలూ కాలవ పనికి పోతూ, అంత దూరం నడవలేదని ఈ పాప గంగిని ఆమె చేతిలో పెట్టిపోయారు.

"వాండ్లు వచ్చేతలికి పాపను నిలబెట్టి సూపియ్యల్ల నేను. నువ్వు తీసుకున్నేది ఎనక్కిచ్చెయ్ సామీ" అంది నా చేతులు పట్టుకుని.

"అది వెనక్కి రాదవ్వా."

"అట్లయితే నిలబెట్టి ఇంగొగటి తీయ్. నిలబడుకున్నేదాన్ని సచ్చిందని ఎవురూ అనరు."

"తీస్తానవ్వా. అది నిలబడేదాకా ఇక్కడే ఉంటాను."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. తుఫానులో నేను ఎక్కడా ఆగలేదు. తీసుకుని ముందుకు పోవడమే. ఇక్కడ మాత్రం కాళ్ళు కదలలేదు.

ఉలవలు

మస్తాన్ కాసేపు గుర్రం వైపు చూశాడు. తరవాత గోతం విప్పాడు. "చాంద్ ఒగ దినం పస్తుంటే సావదులే" అన్నాడు. గుర్రానికి ఆ నిర్ణయం నచ్చినట్టు లేదు, కాలితో నేలను కొడుతూనే ఉంది.

పొరుగువాళ్ళు తలా ఒక చెంబు నీళ్ళు తెచ్చి పోశారు. ఉలవలు ఉడికించి, నీళ్ళు వార్చి, ఉప్పు వేసి, అవ్వ గంగిని ఒళ్ళో పెట్టుకుని కొంచెం కొంచెంగా తాగించింది. ఒకేసారి ఎక్కువ పట్టించబోతే పక్కింటామె ఆపింది. మొదటి నాలుగు గుక్కలు పాప కక్కేసింది. మళ్ళీ పట్టారు. ఈసారి నిలిచింది. నా ఆయుష్షులో ఒక మనిషి మింగడాన్ని అంత భయంగా ఎప్పుడూ చూడలేదు.

ఉడికిన ఉలవల్ని పొరుగిళ్ళవాళ్ళు పంచుకున్నారు. మధ్యాహ్నం గంగి నిద్రపోయింది. మామూలు నిద్రే. అవ్వ మాటిమాటికీ దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ, బలుసాకు ఏరుతూ కూర్చుంది.

"నీకు పిల్లోల్లు ఉండారా నాయనా?"

"ఒక పాపుంది."

"పటం తీసినావా?"

ఫిల్ము దొరకడం లేదని ఆమెతో అనలేకపోయాను. తుఫాను సంగతి చెప్పాను. మా ఆవిడకు కూడా చెప్పనిది, ఆ బందరు రోడ్డు పక్కన చూసిందంతా, ఎవరెవరిని తీశానో, ఎలా ఉన్నారో, అంతా చెప్పాను. అవ్వ ఆకు ఏరడం ఆపి విన్నది.

"అంతమందిని తీసినావు. తీసినంక ఎవురింట్లో కాళ్ళు కడుక్కున్నావు? ఎవురింట్లో కూడు తిన్నావు?"

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. ఆ పల్లెల్లో చనిపోయినవాళ్ళ పటం తీసినాయన్ని ఊరికే పంపరు. ఆ ఇంటివాళ్ళు ఆయన కాళ్ళమీద నీళ్ళు పోసి, ఒక ముద్ద తినిపించి గాని గడప దాటనివ్వరు. పటం తీసినవాడికి కూడా చావు అంటుకుంటుందని, దాన్ని కడిగి పంపకపోతే వాడి ఇంటిదాకా పోతుందని వాళ్ళ నమ్మకం.

"నీకు ఎవురూ కడగలేదా?" అంది అవ్వ.

"కడగడానికి అక్కడ ఎవరూ మిగల్లేదవ్వా."

అవ్వ నా వీపుమీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది. ఆ చెయ్యి చాలా గరుకుగా ఉంది. అది అక్కడ ఉన్నంతసేపూ నాకు హాయిగా ఉంది.

కాసేపాగి, "ఈ పటాలన్నీ యాంటికి? దుడ్లకా?" అని అడిగింది.

"జీతానికే అవ్వా. పేపర్లో పడితే పైవాళ్ళు చూసి మీ ఊరికి గంజి పంపుతారేమోనని కూడా." ఉన్నమాట దాచడం ఇష్టం లేక, "నేను పొద్దున పాపను తీశానే, అలాంటి పటం అయితేనే చూస్తారు" అన్నాను.

అవ్వ నిద్రపోతున్న పాపను చూసింది. గోడను చూసింది.

"గోడకు కూచునేది ఒగరుంటే సాలు కదా?"

"అంటే?"

"నేను కూచుంటా. నా పటం ఎయ్యి. నాది అయిపోయిన వయసే. పాపది మాత్తరం యాడా ఎయ్యొద్దు. ఆ పటం పాపమీద పడింది, దాని బదులు నేను కూచుంటే సరిపోతాది."

వద్దన్నాను. పాపది వెయ్యననీ, దానికోసం ఆమె కూర్చోనక్కర్లేదనీ చెప్పాను. ఆమె వినలేదు. "గంజి రావల్ల కదప్పా" అంది.

రెండు పటాలు

తెల్లారాక గంగి లేచి, ఉలవల నీళ్ళు తనే అడిగింది. ఆ మాట వినగానే మస్తాన్ "అల్లా!" అని గట్టిగా అరిచేసరికి గుర్రం బెదిరింది. ఎండ గోడమీదికి వచ్చే వేళకు అవ్వ పాప మొహం తడిగుడ్డతో తుడిచి, తల దువ్వి, ఇంటి ముందు నిలబెట్టింది. గోడకు దూరంగా, వాకిలి మధ్యలో. పాప అవ్వ రెండు వేళ్ళూ గట్టిగా పట్టుకుంది.

"ఇడిసిపెట్టు గంగీ, ఇడిసిపెట్టి నిలబడు."

పాప విడిచిపెట్టింది. మోకాళ్ళు వణికాయి. నిలబడింది. నేను తలవంచి మీట నొక్కాను. పోగైన జనం ఒక్కసారిగా కేకలు వేశారు. పాప బెదిరి అవ్వ చీర పట్టేసుకుంది.

"వచ్చిందా? నిలబడుకునే వచ్చిందా?" అని అవ్వ నన్ను మూడుసార్లు అడిగింది.

తరవాత ఆమె పోయి గోడకు ఆనుకుని కూర్చుంది. చీర సర్దుకుంది. కాళ్ళు చాపింది. పక్కింటామె ఏడుస్తూ తంగేడు పూలు తెస్తే, తిట్టి, తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. దవడకు కట్టుకోవడానికి గుడ్డ చించబోతుంటే నేను గట్టిగా అడ్డం పడ్డాను.

"గుడ్డ వద్దవ్వా. నువ్వు బతికే ఉన్నావు."

"ఒప్పుకున్నేది సరింగా చెయ్యల్ల కదా" అని సణిగింది గాని, గుడ్డ పక్కన పెట్టింది. కళ్ళు మాత్రం మూసుకుంది.

నేను తలవంచి అద్దంలోకి చూశాను. అవ్వ సరిగ్గా మధ్యలో ఉంది. ఇంతలో అద్దమంతా మసకబారింది. ఎంత తిప్పినా స్పష్టంగా రాలేదు. కటకం మీద దుమ్ము పడిందేమో అనుకున్నాను. అద్దం మీద నీటిబొట్లున్నాయి. తలవంచి చూసే కెమెరాతో వచ్చిన చిక్కు అది, కన్నీళ్ళు సూటిగా దానిమీదే పడతాయి. తుఫాను నాటినుంచి రానివి అప్పుడొచ్చాయి. చొక్కా అంచుతో తుడిచాను, మళ్ళీ పడ్డాయి.

అవ్వ ఒక కన్ను తెరిచింది. "అయిపాయనా?"

"ఇంకా లేదవ్వా."

"తొందరగా కానీ నాయనా, ఎంతసేపని సచ్చిపోయి కూచోల్ల?"

ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆ నవ్వుకు చెయ్యి కదలకముందే మీట నొక్కాను.

లేచి దుమ్ము దులుపుకుని అవ్వ చేసిన మొదటి పని, ఇంట్లోకి పోయి చెంబుతో నీళ్ళు తేవడం. ఆ ఊళ్ళో ఆ చెంబెడు నీళ్ళ విలువ మీకు ఇంతకుముందే చెప్పాను. వద్దని వెనక్కి జరిగాను. మస్తాన్ నా భుజాలు పట్టుకుని నిలబెట్టేశాడు. అవ్వ నా కాళ్ళమీద సన్నటి ధారగా పోసింది. "నా పటానికి, ఆ తుపానోల్ల పటాలకి, అన్నిటికీ కలిపి పోస్తాండా" అంది. తరవాత ఉడికిన ఉలవలు కొన్ని పిడికిట్లో పిసికి ముద్దచేసి నా నోట్లో పెట్టింది. ఉప్పు ఎక్కువైంది. పూర్తిగా తినేసి, ఇంకొంచెం ఉందా అని అడిగాను. మస్తాన్ గుర్రానికి కొంచెమైనా మిగల్చమని బతిమాలాడు.

మళ్ళీ మద్రాసు

చీకటిగదిలో ఫిల్ము కడిగాక, గంగి గోడకు ఆనుకున్న ఆ ఒక్క ముక్కా కత్తిరించి పొయ్యిలో వేశాను. అది చాలా గొప్ప ఫొటో. పొయ్యిలో వేసేముందు ఒకసారి వెలుతురుకు పట్టి చూశాను, ఒట్టు పెట్టుకుని చెబుతున్నా, చాలా గొప్ప ఫొటో. బాధగానే ఉంది. అంతకంటే నిశ్చింతగా ఉంది.

అవ్వ పటం చూసి సంపాదకుడు దాని కింద "ఆకలి చావు" అని రాయబోయాడు. ఆమె బతికే ఉందని నేను పట్టుబట్టాను. "బతికున్నవాళ్ళను చూసి జాలిపడేదెవరయ్యా?" అన్నాడు. అలా రాస్తే పటం ఇవ్వనన్నాను. చివరికి, "ఈ అవ్వ బతికే ఉంది. గంజి పంపితే ఇంకా బతుకుతుంది" అని అచ్చువేశారు. ఊరి పేరు వెయ్యొద్దన్నాను. ఆ పల్లెలో పటంలో కూర్చున్నవాళ్ళంటే ఏమిటో ఇప్పుడు మీకు తెలుసు. కాలవ పనిలో ఉన్న ఆమె కొడుకు ఎక్కడైనా ఆ పేరు చూసి గుండె పగలకూడదు. గంజి ఎవరికి పంపాలో తెలియాలి కాబట్టి, ఊరి పేరు మాత్రం విడిగా రాసి పైవాళ్ళకు పటంతో సహా పంపించాను.

ఇంటికి వచ్చిన రోజు మా ఆవిడ వంకాయకూర చేసింది. రెండోసారి వడ్డించమని అడిగితే గరిటె పట్టుకుని నన్నే చూస్తూ నిలబడిపోయింది. ఆ సాయంత్రం చిట్టిని పెరట్లోకి పిలిచాను. అది వెళ్ళి గోడవారగా చతికిలబడింది. "అక్కడ వద్దమ్మా. లే, మధ్యలోకొచ్చి నిలబడు" అన్నాను. అద్దంలో ఈసారి మా చిట్టి ఒక్కతే కనపడింది. సరిగ్గా మీట నొక్కే వేళకు పక్కింటి పిల్లి కనపడి అది పరుగెత్తింది. పటం చెదిరిపోయింది. ఇంకోటి తీయలేదు, అదే బాగుందనిపించింది. గంగి నిలబడ్డ పటంతో పాటు దీన్నీ మస్తాన్‌కు పంపాను.

మొన్న మస్తాన్ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. ఎవరిచేతో రాయించినట్టున్నాడు, మాటలు మాత్రం ఆయనవే. ఆ పల్లెలో గంజి పోస్తున్నారట. నా పటం వల్లో, ఆ ఉద్యోగి కాగితాల వల్లో తెలియదు. చాంద్ బాగుంది. కొడుకూ కోడలూ వచ్చారు, గంగి ఎదురుపోయి వాళ్ళ మూట లాక్కుంది. అవ్వ గంజి కాడ వరసలో కూర్చుని, "నేను పేపర్లో సచ్చిపోయినా కదా, యముడు నన్ను తీసుకపోయినట్లే అనుకోని ఇంగ ఈ పక్క రాడు" అని అందరికీ చెబుతోందట.

చివర్లో ఇలా రాయించాడు: "మీ పాప పటం అవ్వకు సూపిచ్చినా అన్నా. శానాసేపు సూసింది. 'ఈ పాప నిలబడుకోను కూడా లేదే, పరిగెత్తుతాండాది కదరా, ఇట్లాంటి పటం నేను యాడా సూడలేదు' అనింది. నాకు ఇయ్యకుండా తన కాడే పెట్టుకునింది."